ఏడో నంబరు ఫ్రేము

ఫోను మోగే వేళకు కృపావతి వినాయకుడి తొండం రుద్దుతోంది. తొండం మలుపులోకి పెద్ద సానరాయి పోదు. చిన్న ముక్కను బొటనవేలికీ, దాని పక్క రెండు వేళ్ళకీ మధ్య ఇరికించుకొని, నీళ్ళు జారవిడుస్తూ, రాతిలోని నలుపు పైకి తేలేదాకా ఆడిస్తూనే ఉండాలి. ఆళ్ళగడ్డ శిల్పుల షెడ్లలో ఉలి పట్టేది మగవాళ్ళు, నునుపు తేల్చేది ఆడవాళ్ళు. చెక్కినవాడి పేరు పీఠం మీద ఉంటుంది. రుద్దినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఆదివారం చర్చిలో పాట అందుకునే మనిషి మిగతా ఆరు రోజులూ వినాయకుళ్ళకు నునుపు పెడుతోందని భర్త జ్ఞానప్రకాశం ఆటపట్టిస్తుంటాడు. మూడేళ్ళుగా అదే పని, అదే వేళాకోళం.

తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని ఫోను ఎత్తింది. అవతల సుల్తానా. నంద్యాలలో ఉండే సుల్తానా మామూలుగా నాలుగు నిష్ఠూరాలు ఆడితే గానీ విషయానికి రాదు. ఇవాళ నేరుగా వచ్చింది.

"కృపా, మిల్లు తీస్తాండారంట మే."

"ఏ మిల్లు?"

"ఏ మిల్లంటావేంది? మన నూలు మిల్లు. ఫిట్టరు మౌలన్నకు మేనేజరు ఫోన్ చేసినాడు. రేపట్నుంచి మూడు దినాలు ట్రయలంట. పాతోళ్ళే కావాలంట. ఏడో నంబరు పిల్ల యాడుండాదని నిన్ను అడిగినాడంట."

ఏడో నంబరు పిల్లకు నలభై రెండేళ్ళు. పద్దెనిమిదేళ్ళు, నూలు వడికే ఏడో నంబరు ఫ్రేము ముందు అటూ ఇటూ నడుస్తూ తెగిన పోగులు అతికింది కాబట్టి మిల్లులో ఆమె పేరు అదే. మూడేళ్ళ కిందట ఒక సోమవారం పొద్దున గేటుకు తాళం, తాళానికి ఒక కాగితం కనపడ్డ రోజు నుంచి ఆ పేరుతో పిలిచిన వాళ్ళు లేరు. ఇప్పుడు వినపడేసరికి ఆమెకు నిలబడ్డ చోట నిలవబుద్ధి కాలేదు. సానరాయి ముక్క ఎక్కడ పెట్టిందో మరచిపోయి, తొండం మీదే ఉన్నదాని కోసం నేలంతా వెతికింది.

మధ్యాహ్నం అన్నాలకు అందరూ పక్కనున్న జిన్నింగ్ మిల్లు వరండాలో కూర్చున్నారు. అది శివమ్మది. భర్త పోయాక పత్తి గింజ తీసే యంత్రాలను ఆవిడ ఎప్పుడో అమ్మేసింది. ఇప్పుడు అంత పెద్ద షెడ్డులో ఆరు మేకలు ఉంటాయి.

"రేపట్నుంచి రానక్కా, మా మిల్లు తీస్తాండారు" అంది కృపావతి, సద్ది గిన్నె మూత తీయకుండానే.

"మంచిదే కదా" అంది శివమ్మ. "నా షెడ్డు గూడా ఎవురన్నా తీసుకుంటే బాగుండు. ట్రాన్స్‌ఫార్మరు ఉండాది, బోరు ఉండాది. మేకలకెందుకు ట్రాన్స్‌ఫార్మరు?"

కృపావతి నవ్వింది కానీ చూపంతా తన వేళ్ళ మీదే ఉంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు గరుకెక్కి, అంచుల్లో పగిలి ఉన్నాయి. కొంగు మీద రాస్తే దారం పీక్కొస్తోంది. చీర దారమే ఇట్లా తగులుకుంటే మిల్లు పోగు ఊరుకుంటుందా? ఆ ఆలోచన వచ్చాక సద్ది గిన్నెను అట్లాగే సంచిలో పెట్టేసుకుంది.

ఇంటికి పోతూనే కూతురు అనితను కూర్చోబెట్టుకుంది. డిగ్రీ చదివే అనిత ఫోన్లో ఏదో చూసి, కొబ్బరినూనెలో చక్కెర కలిపి రుద్దితే చర్మం మెత్తబడుతుందని తేల్చింది. అమ్మ వేళ్ళను ఒడిలో పెట్టుకొని గంటసేపు రుద్దింది.

"మూడు దినాలే కదమ్మా. ఆ తర్వాత?"

"ఒకసారి తిరిగితే నిలపరులే."

"నిలిపినారు కదా ఇంతకు ముందు."

"అప్పుడు నిలిపినారు. ఇప్పుడు తీస్తాండారు" అంది కృపావతి. అంతకంటే గట్టి కారణం ఆమె దగ్గర లేదు. కావాలని కూడా అనిపించలేదు. జ్ఞానప్రకాశం గిన్నెలో మిగిలిన చక్కెర నాకి, ఇంత ఖరీదైన చేతులతో ఇక తనకు అన్నం వడ్డించవద్దన్నాడు.

*

పొద్దున మొదటి బస్సులో ఆధారు కార్డు చూపించి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత సున్నా టికెట్టు తీసుకుంది. శిరివెళ్ళ దాటాక కూర్చోలేక లేచి, తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఇంకా పావుగంట ఉందని కండక్టరు చెప్పినా వెనక్కి పోలేదు. రోడ్డుకు రెండువైపులా పొలాల్లో రంగురంగుల రాళ్ళు పాతి ఉన్నాయి. నంద్యాల జిల్లా కేంద్రం అయినప్పటి నుంచి వరి కంటే ప్లాట్ల రాళ్ళు ఎక్కువ మొలుస్తున్నాయి. ఆ రాళ్ళ మధ్యన, పిచ్చిచెట్ల వెనక, మిల్లు పొగగొట్టం కనపడగానే ఆమె బస్సు గోడ మీద అరచేత్తో కొట్టింది.

గేటు దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. రెండు వందల మంది పనిచేసిన చోట ముప్పై. మిగతావాళ్ళు బెంగళూరుకు కొందరు, గుంటూరు మిరపకాయలకు కొందరు, గోస్పాడు పొలాలకు కొందరు చెదిరిపోయారు. వచ్చినవాళ్ళు మాత్రం పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. సుల్తానా పూలు కూడా పెట్టుకొచ్చింది.

"ఎవురికి పెళ్ళి?" అని అడిగితే, "ఏడో నంబరుకూ నీకూ" అని మూర ఒకటి తెంపి కృపావతి జడలో గుచ్చింది.

మౌలా సాహెబ్ అప్పటికే లోపల ఉన్నాడు. మిల్లు పుట్టినప్పటి నుంచి ఫిట్టరు ఆయన. ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను యంత్రం మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని వింటాడు. డాక్టరు గొట్టం కంటే అది నయమని ఆయన లెక్క. పన్నెండు ఫ్రేములనూ చేత్తో తిప్పుతూ ఒక్కొక్కటిగా విని, ఏడో దాని దగ్గర తలెత్తి, "నీది బాగానే ఉండాది. అలిగిందంతే" అన్నాడు.

మధ్యాహ్నం దాకా తుడవడం, నూనె పెట్టడం. ఎలుకలు పెట్టిన గూళ్ళు తీసి పారేశారు. తర్వాత ఎవరి మొక్కు వాళ్ళు చెల్లించారు. ఒకరు కొబ్బరికాయ కొట్టారు. మౌలా సాహెబ్ కళ్ళు మూసుకొని రెండు చేతులూ చాచి ఫాతిహా చదివాడు. కృపావతి ఫ్రేము అంచున నుదురు ఆనించి ప్రార్థన చేసుకుంది. ఇనుము చల్లగా ఉంది. మౌలా సాహెబ్ స్విచ్చి వేశాడు.

మొదట ఒక మూలుగు. తర్వాత బెల్టు పట్టుకుంది. ఆ తర్వాత వందల కదుళ్ళు ఒక్కసారిగా తిరగడం మొదలై, హాలంతా ఒకే హోరు అయిపోయింది. మూడేళ్ళుగా చెవుల్లో వెలితిగా ఉన్నచోట ఆ హోరు వచ్చి కూర్చుంది. కృపావతి కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు. అందరూ అదే పనిలో ఉన్నారు కాబట్టి దాచుకునే అవసరం కూడా లేకపోయింది.

ఆ హోరులో మాట వినపడదు. అందుకే మిల్లు మనుషులకు ఇంకో భాష ఉంటుంది. చేత్తో కడుపు తడిమితే అన్నాల వేళ అయింది. బట్టతల మీద అరచెయ్యి తిప్పితే మేనేజరు వస్తున్నాడు. పిడికిలి బిగించి పక్కకు తిప్పితే పానా, అంటే బోల్టు విప్పడమో బిగించడమో. చేతులకు అందని మాటలు పెదాలు చూసి పట్టుకుంటారు. ఇరవై అడుగుల దూరం నుంచి పెదాలు చదవడంలో సుల్తానాను మించినవాళ్ళు లేరు. బయట గుసగుసలు చెప్పుకునేవాళ్ళకు ఆమె అంటే భయం.

ఏడో నంబరు మీద మొదటి పోగు తెగింది. కృపావతి వంగింది. చేయాల్సింది చిన్న పనే. నూలు చుట్టుకుంటూ తిరిగే బాబినును ఆపి, దాని మీద కొసను దొరకబుచ్చుకొని, పైకి లాగి, రోలరు కింద దిగుతున్న దూదిపాయకు అలా తాకించి వదలాలి. రెండూ కలిసిపోయి మళ్ళీ పోగవుతాయి. ఒకప్పుడు ఆమెకు మూడు సెకన్ల పని. ఇప్పుడు తాకించింది. పోగు వేలి పగులులో చిక్కుకొని పుటుక్కుమంది. మళ్ళీ తాకించింది, మళ్ళీ తెగింది. ఈలోపు ఇంకో నాలుగు చోట్ల తెగాయి. అవతలి ఫ్రేము నుంచి సుల్తానా పరుగున వచ్చి నాలుగూ అతికి, ఏమీ అనకుండా పోయింది. సుల్తానా ఏమీ అనకపోవడం కంటే పెద్ద తిట్టు లేదు.

సాయంత్రం బస్సులో కృపావతి తన చేతులను తనే చూడలేకపోయింది. రేపు మేనేజరు వేరే మనిషిని పెడతాడేమో. మిల్లు తిరుగుతూ, తను మళ్ళీ రాళ్ళ దగ్గర కూర్చుంటే? మిల్లు మూసి ఉన్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

రెండోరోజు పొద్దున బస్సులో కొంగు అంచును ఊరికే నలుపుతూ కూర్చుంటే ఒక సంగతి కనిపెట్టింది. సానరాయిని పట్టేది మూడు వేళ్ళే. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఆ పనికి రావు. మూడేళ్ళుగా ఊరికే కూర్చొని తిన్నాయి. వాటి చివర్లు కూతురి బుగ్గల్లా మెత్తగా ఉన్నాయి.

మిల్లుకు పోగానే ఆ రెండు వేళ్ళనూ పనిలో పెట్టింది. వాటి నడుమ కొస పట్టుకొని రోలరుకు తాకించడం ఎడమచేత్తో సంతకం పెట్టినంత వంకరగా ఉంది. పదిసార్లు తప్పింది. పదకొండోసారి అతుకు పడింది. పన్నెండోది తప్పింది. తర్వాత వరసగా నాలుగు పడ్డాయి. పక్కనుంచి చూస్తున్న సుల్తానా రెండు చేతులూ పైకెత్తి, ఇదేం పద్ధతి అని సైగ చేసింది. కొత్త పద్ధతి అని కృపావతి చిటికెన వేలు ఊపింది.

మౌలా సాహెబ్ జుమ్మా నమాజుకు పోయి తిరిగొచ్చేసరికి ఏడో నంబరు మీద ఒక్క తెగిన పోగు లేదు. ఆయన ఆ వైపు పొడుగునా నడిచి, చివర ఆగి, నెత్తిమీద టోపీ సర్దుకున్నాడు. ఆయన మెచ్చుకోవడం అంతే. కృపావతి ఆ సాయంత్రం ఆళ్ళగడ్డలో బస్సు దిగి, ఇంటికి పోకుండా, శివమ్మ షెడ్డు దాకా నడిచిపోయి మరీ చెప్పొచ్చింది.

*

శనివారం పది గంటలకు రెండు కార్లు వచ్చాయి. మేనేజరు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కార్లలోంచి ఒక నల్లకళ్ళద్దాల బ్రోకరు, ఒక పెద్దాయన దిగారు. పెద్దాయన తెల్ల పంచె కట్టుకొని, చెప్పులు గుమ్మం బయటే వదిలి హాల్లోకి వచ్చాడు. కోయంబత్తూరు నుంచి వచ్చాడని, మిల్లు నడపబోయేది ఆయనేనని పొద్దున్నే మాట పాకి ఉంది.

పెద్దాయన ఒక్కో ఫ్రేము దగ్గర ఆగుతూ వచ్చాడు. ఏడో నంబరు ముందు ఎక్కువసేపు నిలబడ్డాడు. కృపావతి అరడుగు కూడా తొందరపడకుండా నడిచింది. ఒకటి తెగితే అతికింది. ఆయన వంగి ఆమె వేళ్ళను చూశాడు. ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఇంకోటి తెగేదాకా ఆగి మళ్ళీ చూశాడు. ఈ ఫ్రేము మీద తనను ఉంచేస్తాడని ఆమెకు నమ్మకం కుదిరింది. ఆయన తలాడించి ముందుకు పోయాడు.

ఆయన వెనక మేనేజరు, బ్రోకరు ఆగిపోయారు. ఇంత హోరులో ఎవరికి వినపడుతుందిలే అని బ్రోకరు చెవి దగ్గర నోరు పెట్టి మేనేజరు నిదానంగా, స్పష్టంగా మాట్లాడుతున్నాడు. ఆయన ముఖం సుల్తానా వైపే ఉంది.

కృపావతి అటు చూసేసరికి సుల్తానా ముఖంలో రక్తం లేదు. చేతులు లేచాయి. బట్టతల మీద అరచెయ్యి: మేనేజరు అంటున్నాడు. రేపు. పిడికిలి ఎడమకు తిప్పింది, మళ్ళీ తిప్పింది, హాలంతా చూపించి మళ్ళీ తిప్పింది: అన్నీ విప్పేస్తారు. తర్వాత పిడికిలితో అరచేతి మీద నాలుగు మూలలా నాలుగు దెబ్బలు కొట్టింది. ఆ సైగ మిల్లులో లేదు, అప్పటికప్పుడు పుట్టింది. అయినా కృపావతికి అర్థమైంది. బస్సులోంచి రోజూ చూస్తున్న రాళ్ళే. ప్లాట్లు.

మనకు, అని కృపావతి తన గుండె మీద చెయ్యి పెట్టి అడిగింది.

సుల్తానా అరచెయ్యి పెదాల మీద అడ్డంగా పెట్టుకుంది. మనకు చెప్పొద్దన్నాడు.

కృపావతికి ఒళ్ళు మండిపోయింది. చక్కెర, కొబ్బరినూనె. జడలో పూలు. ఈ ట్రయలంతా యంత్రాలు కొనే ఆ పెద్దాయనకు చూపించడానికే. ఏడో నంబరు ఎంత చక్కగా నడిస్తే అంత చక్కగా అమ్ముడుపోతుంది. రెండు రోజులుగా తన గోతిని తనే, అదీ ఉత్సాహంగా, పాట పాడుకుంటూ తవ్వుకుంది. ఎదురుగా ఒక పోగు తెగింది. చెయ్యి దానంతటదే లేచింది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకొని, రెండూ వెనక్కి కట్టుకొని నిలబడింది.

సుల్తానా కూడా కట్టుకుంది. సైగ ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు పాకింది. ఎవరూ అరవలేదు, ఎవరూ కదల్లేదు. ముప్పై మంది చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడ్డారు. చివరన ఉన్న మౌలా సాహెబ్ అందరినీ ఒకసారి చూసి, మోటారు జోలికి పోకుండా, గోడ దగ్గరికి నడిచి హాల్లో గాలికి తడి అందించే పంపు చక్రాన్ని తిప్పి మూసేశాడు. నంద్యాల ఎండకు గాలిలో తడి లేకపోతే పోగు నిలవదు. ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత ఒకటి, నాలుగు, ఇరవై. హాలు పొడుగునా పోగులు తెగుతూ, దూది తెల్లగా లేచింది.

తను తెంచినా ఇంత బాధ ఉండదు. తెగుతుంటే చూడటం అలవాటు లేని మనిషి కృపావతి. పెదవి కొరుక్కుంటూ చూసింది. అయినా ఒంట్లో ఏదో జివ్వుమంటోంది. పద్దెనిమిదేళ్ళలో ఈ హాలు తమ చేతుల మీద నడుస్తోందని అందరూ అన్నారు కానీ, కళ్ళారా చూసింది ఇవాళే.

మేనేజరు చేతులు ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా, అతకండి, అతకండి" అంటున్న పెదాలు అందరికీ తెలుస్తున్నాయి. పెద్దాయన మాత్రం తొందరపడలేదు. వెనక్కి తిరిగి ఏడో నంబరు దగ్గరికి వచ్చాడు. తెగిన పోగు వైపు, కట్టుకున్న ఆమె చేతుల వైపు చూశాడు. పంచె పైకి కట్టి, తనే వంగి బాబిను ఆపి, కొస లాగి రోలరుకు తాకించాడు. జారిపోయింది. రెండోసారి పడింది. లేచి నిలబడి, గడ్డం పైకెత్తి, అరచెయ్యి వెల్లకిలా తిప్పాడు.

ఏమైంది?

అది మిల్లు సైగ. ఆయన కుర్చీలో పుట్టిన షావుకారు కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆయన ఎక్కడో ఏదో ఫ్రేము ముందు నడిచిన మనిషి. కృపావతి మేనేజరు ఎదురుగానే చేతులు ముందుకు తెచ్చి చెప్పింది. రేపు విప్పుతారు. నాలుగు మూలల రాళ్ళు. మాకు చెప్పలేదు.

పెద్దాయన మౌలా సాహెబ్ వైపు తిరిగి అరచెయ్యి కిందికి నొక్కాడు. మోటారు ఆగింది.

హోరు పోయాక అందరూ కొంచెం గట్టిగా మాట్లాడుతున్నారు, చెవులు ఇంకా గింగురుమంటున్నాయి.

"మీరు ఈ మిల్లువాళ్ళేనా అమ్మా?" అన్నాడు పెద్దాయన. అరవ యాసే కానీ తెలుగే. ఇంట్లో తాతల నాటి నుంచి తెలుగేనట.

"పద్దెనిమిదేండ్లు, ఈ ఫ్రేము మీదనే" అంది కృపావతి.

ఆయన మేనేజరు వైపు చూశాడు. "పనివాళ్ళు ఒక్కరు లేరు, అందరూ బెంగళూరు పోయినారు, ట్రయలు కోసం వేరే ఊరి నుంచి మనుషుల్ని తెప్పించినాం అన్నారే."

మేనేజరు బ్రోకరు వైపు చూశాడు. బ్రోకరు ఫోను వైపు చూశాడు.

"మా దగ్గర కథ వేరు" అన్నాడు పెద్దాయన. "యంత్రాలకు కొదవ లేదు, మనుషులు దొరకరు. బీహారు నుంచి తెచ్చుకుంటున్నాం. ఆరు నెలలు నేర్పితే ఏడో నెల పోతారు. మీరంతా వస్తారా? హాస్టలు ఉంది."

సుల్తానా ఇంట్లో ఉన్న ముసలి అత్తను తలచుకుంది కాబోలు, తల దించుకుంది.

"రాలేం సార్" అంది కృపావతి. "పత్తి ఈడ పండుతాది. మిషన్లు ఈడుండాయి. మేం ఈడుండాం. నీ కాడ లేని మనుషులు ఈడుంటే, ఈడున్న మిషన్లు మోసుకొనిపోయి ఆడ పెడతానంటావేంది?"

కోపంలో నువ్వు అనేసిందని ఆమెకు తర్వాత గాని తెలియలేదు. ఆయన పట్టించుకోలేదు.

"ఈ నేల నాకు ఇవ్వరమ్మా. దీనికి బేరం అయిపోయింది."

"ఈ నేల ఎవురికి కావాల?" అంది కృపావతి. అన్నాక తనే ఆగిపోయింది. వరండాలో సద్ది గిన్నె, ఆరు మేకలు, శివమ్మ మాట అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఆళ్ళగడ్డలో మా పని కాడ జిన్నింగ్ మిల్లు షెడ్డు ఉండాది సార్. మూడేండ్లు ఆడనే అన్నం తింటాండా. ట్రాన్స్‌ఫార్మరుండాది. బోరుండాది."

"నేల?"

"బండలు పరిచినారు. ఇంతవరకు ఒక్కటి కుంగలే."

"నడిమధ్యన స్తంభాలు ఉంటే ఫ్రేము పట్టదు."

"ఒక్కటి లేదు. ఆ కొస నుంచి ఈ కొసకు మేక పరిగెత్తితే అడ్డం లేదు."

ముప్పై మందీ నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు, లెక్క వేసుకుంటున్నాడు. కృపావతికి ఇంకోటి తట్టింది.

"మీ లారీలు కోయంబత్తూరు పోవాలంటే మా ఊరి మీదనే పోవాల సార్. ఆడ దించితే మీకు దూరం తగ్గుతాది గానీ పెరగదు."

"చూద్దాం" అన్నాడు పెద్దాయన, చెప్పుల కోసం గుమ్మం వైపు నడుస్తూ. "కారెక్కు."

*

శివమ్మ మేకలను బయటికి తోలి, కారు దిగిన వాళ్ళను మున్సిపాలిటీ ఇన్స్పెక్టర్లనుకొని, పన్ను కట్టానని రసీదు తేబోయింది. పెద్దాయన షెడ్డు పొడుగూ వెడల్పూ అడుగులు వేసి కొలిచాడు. వెంట వచ్చిన మౌలా సాహెబ్ పానాతో నేలను నాలుగు చోట్ల కొట్టి, స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకొని విన్నాడు. రాతి నేల ఏం చెప్పిందో గానీ, టోపీ సర్దుకున్నాడు. కృపావతి అది చూసి శివమ్మ చెయ్యి పట్టుకొని నలిపేసింది.

పన్నెండు ఫ్రేముల్లో నాలుగు ఇక్కడ దిగేటట్టు, వాటికి ముందు దూది సిద్ధం చేసే యంత్రాలు ఒక వరస దిగేటట్టు సాయంత్రానికి మాటైంది. ఏడాది నడిపి చూస్తాడు. బాగుంటే ఉంటుంది, లేకపోతే ఆ నాలుగూ మిగతా ఎనిమిదింటి వెంట పోతాయి. రెండు షిఫ్టులకు ముప్పై మంది చాలు. రెండు వందల మంది మిల్లుకు ఇది ఏ మూలకూ రాదని కృపావతికి తెలుసు. అయినా ఒక్కటి అడిగింది.

"నాలుగింట్లో ఏడో నంబరు ఉండాల సార్."

"అది లేకపోతే నాకెందుకమ్మా?" అన్నాడు ఆయన.

ఆదివారం మొదటిసారి ఆమె చర్చికి పోలేదు. పాట అందుకునే మనిషి లేక పాట ఎలా సాగిందో దేవుడికే తెలియాలి. జ్ఞానప్రకాశం కూడా ఇంకో నలుగురిని వెంటబెట్టుకొని నంద్యాల వచ్చాడు. కోయంబత్తూరు నుంచి వచ్చిన విప్పేవాళ్ళు అవతలి వైపు ఎనిమిది ఫ్రేములను చకచకా ఊడదీస్తున్నారు. ఒక్కో ముక్క బయటికి పోతుంటే ఆ ఫ్రేము మీద పనిచేసినవాళ్ళను పేరుపేరునా తలచుకున్నారు. ఆ వైపు చూడటం కష్టంగానే ఉంది.

ఇవతలి నాలుగింటి మీద వాళ్ళ చెయ్యి పడనీయలేదు మౌలా సాహెబ్. ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకొని ప్రతి ముక్క మీదా తనే అంకె వేస్తున్నాడు. మళ్ళీ బిగించేది తనే కాబట్టి, పరాయివాళ్ళు విప్పింది తనకు అక్కర్లేదన్నాడు. కృపావతికి పానా ఇచ్చి, ఏడో నంబరు కాలి దగ్గర కూర్చోబెట్టాడు.

హాల్లో హోరు లేదు. మాట్లాడితే వినపడుతుంది. అయినా అవతలి కొస నుంచి సుల్తానా చేతులే ఎత్తింది. పిడికిలి ఎడమకు తిప్పి, నిన్న ఇదే సైగకు మండిపడ్డాం కదా అన్నట్టు ముఖం పెట్టి, తన వైపు, రోడ్డు వైపు చూపించి, తల కొట్టుకుంది. ఇక మీదట నంద్యాల నుంచి రోజూ మీ ఊరికి బస్సెక్కాల్సింది నేనా?

కృపావతి చూపుడువేలూ బొటనవేలూ కలిపి గుండ్రంగా సున్నా చుట్టి చూపించింది. టికెట్టు లేదులే.

గుమ్మంలో నిలబడ్డ మేనేజరు ఆ చేతుల వైపు, ఈ చేతుల వైపు చూశాడు. ఇంత నిశ్శబ్దంలో వీళ్ళు నోరు తెరవకుండా ఎందుకు నవ్వుకుంటున్నారో ఆయనకు బోధపడలేదు.

మూడేళ్ళ తుప్పుకు బోల్టు బిగుసుకుపోయి ఉంది. కృపావతి గరుకు వేళ్ళు మూడింటినీ పానా చుట్టూ బిగించింది. రాయి పట్టిన వేళ్ళు కదా, జారలేదు. ఎడమకు తిప్పింది.